మా మామ జరిపిన రాయి

పోయిన నెలలో మా పాలిటెక్నిక్ విద్యార్థులను వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు వెళ్ళవలసి వచ్చింది. నేను బోధించేది గణితమే అయినా, సివిల్ విభాగపు అధ్యాపకుడు సెలవులో ఉన్నందున ఆ బాధ్యత నా మీద పడింది. అక్కడ ఒక పాత అతిథిగృహంలో, ఉద్యోగ విరమణ చేసిన కొందరు ఇంజనీర్లు కలిసి, ఈ ప్రాంతంలో కాలువలూ వంతెనలూ జలాశయాలూ ఎట్లా నిర్మించారో తెలిపే చిన్న ప్రదర్శనశాలను ఏర్పాటు చేశారు. ఉన్నవి రెండు గదులూ ఒక వసారా. మొదటి గదిలో అడుగు పెట్టగానే పాత ఆయిల్ ఇంజను కమురు వాసన, ఎన్నేళ్ళుగానో మూసి ఉంచిన బీరువా వాసన కలిసి ముక్కుకు తగిలాయి. గోడ వారగా ఇత్తడి దుర్భిణులు మూడేసి కాళ్ళ మీద నిలబడి ఉన్నాయి. ఒకప్పుడు భూములను కొలిచిన ఇనుప గొలుసు నిద్రపోయే పాములా చుట్టుకొని పడి ఉంది. తూము తలుపులు పైకి లేచే విధానాన్ని చూపే కొయ్య నమూనా కూడా ఉంది గాని, వచ్చిన పిల్లలందరూ దాని పిడిని తిప్పి తిప్పి ఊడగొట్టినందువల్ల ఆ తలుపులు శాశ్వతంగా సగం తెరుచుకొని ఉండిపోయాయి.

మాకు అన్నీ చూపించిన పెద్దాయన ఒకప్పుడు కాలువల పనులు చూసిన ఇంజనీరు. చేతికర్రను నడవడానికి కాక వస్తువులను చూపడానికే వాడుతున్నారు. పాత దుర్భిణిలో కన్ను పెట్టిన విద్యార్థి ఒకడు "సార్, ఎదురుగా ఉండే నీళ్ళ ట్యాంకు తలకిందులుగా కనపడతాంది!" అని కేక పెట్టాడు. "ఆ కాలపు యంత్రాలన్నీ అంతే నాయనా. లోకాన్ని తలకిందులుగా చూసుకుంటానే సరిగ్గా కొలిచినాం మేము" అని ఆయన నవ్వారు. రెండవ గది మూలన ఒక రాయి నిలబెట్టి ఉంది. నలుపలకలుగా చెక్కిన మోకాలెత్తు రాయి. పైన సున్నం, సున్నం మీద వెలిసిపోయిన ఎర్ర అక్షరాలు. జలాశయం నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో తెలిపేందుకు చుట్టూ నాటే రాళ్ళలో అదొకటి. నడిచి అలిసిన ఒక అమ్మాయి దాని మీద కూర్చోబోతే పెద్దాయన కర్ర అడ్డం పెట్టారు. "కూర్చోవద్దమ్మా. ఊళ్ళకు ఊళ్ళ సంగతి తేల్చిన రాయి ఇది. ఒకసారి నాటినామంటే ఇంక దీన్ని ఎవరూ కదిలించలేరు" అన్నారు.

విద్యార్థులందరూ తల ఊపారు. నేను ఊపలేకపోయాను. అటువంటి రాయిని కదిలించిన మనిషి ఒకరు నాకు తెలుసు. ఆయన మా అమ్మకు అన్న, నాకు మేనమామ.

మామ ఊరు కొండాపురం వైపు, ఇప్పుడు నీటి అడుగున ఉన్న ఊళ్ళలో ఒకటి. మామకు, అత్తకు పిల్లలు లేరు. మా వంశంలో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషిని నేనైతే, తొక్కించినవాడు మామ. పదవ తరగతితో చాలునని మా నాయన తీర్మానించిన రోజున, మామ నా రేకుపెట్టెను తలమీద పెట్టుకొని బస్సెక్కి, ప్రొద్దుటూరులో దిగి, ప్రిన్సిపాలు గదిలోకి పెట్టెతో సహా వెళ్ళి, "మా పాపకు అన్నీ చెప్పండి సామీ, ఏదీ మిగలబెట్టొద్దండి" అని చేతులు జోడించాడు. అందువల్ల నేను పట్టా పుచ్చుకున్న నాటినుంచి లోకంలోని సమస్తమూ నాకు తెలిసి ఉంటుందని ఆయన నిశ్చయించుకున్నాడు. పలకని రేడియో, అర్థం కాని మందుచీటీ, చూలు నిలవని బర్రె, ఏదైనా సరే నా ముందుకు తెచ్చేవాడు. బర్రె విషయంలో నేను తెల్లముఖం వేస్తే, "ఆ పాఠం చెప్పిన దినం నువ్వు కాలేజీకి పోయుండవులే" అని తానే నన్ను సమాధానపరిచాడు.

మామ ఇల్లు మట్టి మిద్దె. గోడలకు రాయి, పైన కొయ్య దూలాలు, దూలాల మీద కట్టెలు, వాటి మీద మందంగా మట్టి. మా వైపు మట్టి మిద్దెలు కారకుండా ఉండాలంటే ఏటా వానలకు ముందు చౌడు పోయాలి. చౌడంటే ఉప్పుదేలిన తెల్లని నేలలో దొరికే మెత్తటి మన్ను. దాన్ని బండి మీద తెచ్చి, మిద్దె మీద పరిచి, చదును చేస్తే తొలివానకు అది బిగుసుకొని చుక్క నీరు కిందికి దిగనివ్వదు. మామ ఆ పనిని కూలివాళ్ళకు వదిలేవాడు కాదు. మోకాళ్ళ మీద కూర్చొని అరచేతితో పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరేవాడు. ఆ మిద్దె కింద ఎండాకాలపు మధ్యాహ్నాలు చీకటిగా, చల్లగా ఉండేవి. తొలిచినుకు చౌడు మీద పడ్డప్పుడు వచ్చే ఉప్పటి వాసన నాకు ఇప్పటికీ, ఏ సంబంధమూ లేని చోట్ల, అకస్మాత్తుగా గుర్తుకు వస్తుంది.

మామ గురించి మరొక్క సంగతి చెప్పకపోతే తరువాత జరిగినది అర్థం కాదు. మా ప్రాంతంలో పొలాల మధ్య హద్దురాయికి ఉన్న గౌరవం మరిదేనికీ లేదు. జానెడు జరిగిన రాయి కోసం మాటలు పోయిన అన్నదమ్ములు, పెళ్ళిళ్ళకు పిలుపులు మానుకున్న ఇళ్ళు ఊరూరా ఉంటాయి. అటువంటి తగవు వచ్చినప్పుడల్లా జనం మామను పిలిచేవారు. ఆయన చేనంతా నడిచి, మన్ను తవ్వించి, పాత గుంత ఆనవాలు పట్టి, రాయి ఎక్కడ ఉండాలో చెప్పేవాడు. ఆయన చెప్పిన చోట రాయి నాటితే అక్కడితో తగవు ఆగేది. బతుకంతా అదే చూసినవాడు గనుక, రాయి నాటితే దానికి అవతలిది దానికి లోబడక తప్పదని ఆయన నమ్మకం. అవతల ఉన్నది మనిషైనా సరే, నీరైనా సరే.

జలాశయం కోసం సర్వే వాళ్ళు వచ్చినప్పుడు మామ వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, చెట్టు నీడన మంచం వేశాడు. బతిమాలి ఒకసారి వాళ్ళ యంత్రంలో కన్ను పెట్టి, ఎక్కడో దూరాన కొలతకర్ర పట్టుకొని నిలబడిన మనిషి ఎదుటనే ఉన్నట్టు కనిపించేసరికి, చెయ్యి చాచి పట్టుకోబోయాడట. ఊరంతా నవ్విందని అత్త చెప్పింది. ఆ నవ్వులోనే వాళ్ళు మామ ఇంటికి ఎగువన, వీధి మొదట్లో ఒక రాయి నాటి వెళ్ళారు. రాయికి దిగువన ఉన్న వీధి అంతా, మామ ఇల్లు కూడా, మునుగుతుందని దాని అర్థం. మునిగే ఇళ్ళవాళ్ళ కోసం వేసిన కొత్త కాలనీలో అందరికీ స్థలాలు చూపించారు. ఒక్కొక్క కుటుంబమే సామాను ఎత్తడం మొదలుపెట్టింది. అత్త గిన్నెలు మూటలు కడుతూ ఉంటే మామ బండి తోలుకొని పోయి చౌడు తెచ్చాడు.

"ఏం మనిషివయ్యా! కిందినుంచి నీళ్ళొస్తాయంటాంటే పైన చౌడు పోస్తాండావు!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

"వానలు ఆగుతాయా?" అన్నాడట మామ.

కొన్నాళ్ళకు అత్త నుంచి ఫోను. "పాపా, మీ మామ రాయిని పెరికినాడు. తెచ్చి మనింటికి దిగువన నాటినాడు. పొద్దన్నుంచి అరుగు మీద కూచోని లేస్తల్యా. నీళ్ళు శెనగ చేన్లకు వచ్చినాయి. బాట మునిగితే ఈ మనిషిని తీసకపోను బండి గూడ రాదు. నా మాట వినడు, ఊరి మాట వినడు. నీ చదువు మాట ఒక్కటే వింటాడు. ఎట్లనన్నా చేసి లేపు తల్లీ."

నేను ఉన్నపళంగా బయలుదేరాను. ముద్దనూరు దాటిన తరువాత బస్సు కిటికీలోంచి చూస్తే, నేను చిన్ననాటినుంచి ఎరిగిన నల్లరేగడి చేలు కనిపించవలసిన చోట తెల్లగా మెరుస్తున్నది నీరు. అందంగా ఉంది. అంత అందంగా ఉన్నందుకు నాకు భయం వేసింది. ఊళ్ళోకి నడిచేసరికి వీధిలో సగం ఇళ్ళకు తలుపులు లేవు. వెళ్ళినవాళ్ళు తలుపులూ దూలాలూ ఊడదీసుకొని పోయారు. గోడలు మాత్రం నోళ్ళు తెరుచుకొని నిలబడి ఉన్నాయి. నీళ్ళకు జడిసి పైకి వచ్చిన తేళ్ళు, పాములు కనిపిస్తున్నాయని జనం కర్రలు పట్టుకొని తిరుగుతున్నారు. మామ ఇంటికి దిగువన, వీధి చివర, కొత్తగా నాటిన రాయికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ఉంది.

మామ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది. "వచ్చినావా? చూడు, మన ఇల్లు రాయికి ఈవలుంది. ఇంగ మనల్ని కదిలించేటోడు ల్యాడు. మీ అత్తకు అర్థమయ్యేట్టు చెప్పు."

పక్కింటి మేస్త్రీ గోడకు ఆనుకొని బీడీ తాగుతున్నాడు. కువైట్‌లో కొన్నేళ్ళు మేడలు కట్టి వచ్చిన సాయిబు. రాయి పెరకడంలో గడ్డపార పట్టింది అతడేనని అత్త కళ్ళతోనే చెప్పింది. "నన్నేమనొద్దమ్మా" అన్నాడతడు. "నేను రాకుంటే మామ ఒక్కడే పెరికి నడుం ఇరగ్గొట్టుకుంటాండె. రాయి జరిపితే నీళ్ళు జరిగేట్టయితే కువైట్‌లో మేము సముద్రాన్నే జరిపేటోళ్ళం గదా అని చెప్పి చూసినా."

"సముద్రానికి హద్దురాయి యాడుందప్పా?" అన్నాడు మామ. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

నేను ఆయన పక్కన కూర్చొని, నీరు రాయిని చూసి ఆగదనీ, నీరు ఆగే చోటును చూసి రాయి నాటుతారనీ నాకు చేతనైనంత నెమ్మదిగా చెప్పాను. ఆయన నేను చెప్పినదంతా మర్యాదగా విన్నాడు. "అది మీ లెక్క. రాయి లెక్క వేరే ఉంటాది" అన్నాడు. ఎంతసేపు చెప్పినా ఆ మాటే. సాయంకాలానికి బండి వస్తుందనీ, మరునాడు బాట ఉంటుందో ఉండదోననీ అత్త గడప దగ్గర నిలబడి ఏడుస్తోంది. మాటలు అయిపోయినప్పుడు నాకు మేస్త్రీ ఇంటి ముందు చుట్టగా పడి ఉన్న లెవల్ పైపు కనిపించింది. కట్టుబడి పనిలో రెండు గోడలు సమానంగా ఉన్నాయో లేదో చూడడానికి మేస్త్రీలు వాడే సన్నని పారదర్శకపు గొట్టం అది. గొట్టంలో నీరు నింపి రెండు కొసలూ రెండు చోట్ల పట్టుకుంటే, రెండు వైపులా నీరు ఒకే మట్టానికి నిలుస్తుంది.

రాయి మొదట ఉన్న గుంత దగ్గర మేస్త్రీ ఒక కొస పట్టుకున్నాడు. రెండవ కొసతో నేను వీధిలోకి దిగాను. గొట్టం అందినంతవరకు నడిచి, అక్కడి గోడ మీద నీటి మట్టానికి సుద్దముక్కతో గీత గీశాను. ఆ గోడకు గీత చీలమండ దగ్గర పడింది. మేస్త్రీ తన కొసను ఆ గీత దగ్గరికి తెచ్చి పట్టుకుంటే, నేను అక్కడినుంచి మరొక గోడకు వెళ్ళాను. అక్కడ మోకాలి దగ్గర. ఆ తరువాతి గోడకు నడుము దగ్గర. వీధి పల్లానికి దిగుతున్న కొద్దీ గీత పైకి ఎక్కుతూ వచ్చింది. మామ ఇంటి వాకిలి దగ్గరికి వచ్చి, "ఈ కొస నువ్వే పట్టుకో మామా" అన్నాను.

ఆయన పట్టుకున్నాడు. గొట్టం మూతి గడప దగ్గర ఉన్నప్పుడు నీరు బుడబుడమని ఆయన పాదాల మీద కారింది. నడుము దాకా ఎత్తాడు, ఇంకా కారుతోంది. ఎగువన మేస్త్రీ అవతలి కొసలో చెంబుతో నీరు పోస్తూనే ఉన్నాడు. ఎదదాకా ఎత్తాడు. చొక్కా తడిసింది. ముఖం దాకా ఎత్తాడు. నీరు కళ్ళ మీదుగా, మీసాల మీదుగా జారింది. తుడుచుకోకుండా చెయ్యి తలపైకి సాచాడు. ద్వారబంధం దాటి, చెయ్యి ఇంకెత్తడానికి లేనంత పైకి వెళ్ళిన తరువాత గొట్టంలోని నీరు నిలిచింది. నేను కుర్చీ ఎక్కి అక్కడ గీత గీశాను. ఆనాడు నేను చేసినది చేయరానిదని ఇప్పటికీ అనుకోను. అయినా కుర్చీ దిగి, ఆ గీత వైపు చూడకుండా గొట్టం చుట్టడం మొదలుపెట్టాను.

అంతటితో ముగిసి ఉంటే బాగుండేది. గోడల మీది గీతలు చూసిన మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. "మా ఇంటికి గూడ చూసిపో పాపా" అన్నారు. కాదనడం ఎట్లా? సందు సందుకూ ఆ గొట్టం తిరిగింది. ప్రతి ఇంటివాళ్ళూ తమ గోడ మీది గీత పక్కన నిలబడి ఒంటికి కొలుచుకున్నారు. "మాకు దేవుని గూటి కాడికే వస్తాదంట, దేవుండ్లు తప్పిచ్చుకున్యారు" అని ఒకామె. "నీకు మోకాలి దాకేనంట కదా, చేపలు పెంచుకోప్పా" అని ఇంకొకాయన. నవ్వుతున్నారు. నవ్వుతూనే గీతను చేత్తో తడిమి చూస్తున్నారు. గుంతకు ఎగువన ఉన్న ఒక్క ఇంట్లో మాత్రం గీత పడలేదు. ఆ ఇంటి ముసలమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని, "మా ఇంటికీ ఒక గీత గియ్యమ్మా. మేమొక్కరమే ఈడుండి ఎవురితో మాట్లాడాల?" అని భోరుమంది.

తిరిగి వచ్చేసరికి మామ గీత కిందనే నిలబడి ఉన్నాడు. "అంత ఎత్తుకు వస్తాదని నీ చదువు చెప్తాందా?" అని అడిగాడు.

"చెప్తోంది మామా."

"ఏదీ మిగలబెట్టొద్దని ఆ ప్రిన్సిపాలుకు చెప్పినా" అన్నాడు మామ. "ఒక్క అబద్ధమాడేది గూడ నేర్పిచ్చింటే బాగుండు."

సాయంకాలం బండి వచ్చింది గాని మామ ఎక్కలేదు. రానని కూడా అనలేదు. నిచ్చెన వేసుకొని మిద్దె ఎక్కి, తాను ఆ ఏడు నిమిరి నిమిరి పరిచిన చౌడును పారతో తోడి కిందికి పోయడం మొదలుపెట్టాడు. "ఏం జేస్తాండావు మామా?" అని మేస్త్రీ అరిచాడు. "నీళ్ళకిడిసి పెట్టను. నేనే కూలుస్తా" అని పైనుంచి జవాబు. మేస్త్రీ బీడీ పారేసి తానూ ఎక్కాడు. చీకటి పడేలోగా మట్టి, కట్టెలు, దూలాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. అత్త వాటిని బండికి చేరవేసింది. ఆ ఇంట్లోకి మొట్టమొదటిసారి ఆకాశం కనిపించింది. గోడలు మాత్రం మిగిలాయి. ఆయన గడ్డపార ఎత్తి, నేను గీసిన గీత ఉన్న గోడను పొడిచి పడగొట్టాడు. అప్పుడు బండి ఎక్కాడు. రెండు రోజులకు బాట మునిగింది.

ఆ తరువాత నాకు పులివెందుల వైపు సంబంధం కుదిరింది. మా అత్తగారివాళ్ళకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. బోర్లు ఎండిపోయి, చెట్లు కొట్టి కట్టెలకు వేద్దామనుకుంటున్న సమయంలో కాలువ నీళ్ళు వచ్చి ఆ తోట బతికింది. నన్ను చూడవచ్చినప్పుడల్లా మామ వాళ్ళ మంచిచెడ్డలు అడిగేవాడు గాని తోట మాట ఎత్తేవాడు కాదు. ఒకసారి మా బావగారు, అంటే నా భర్తకు అన్న, నన్ను వెంటబెట్టుకొని కాలనీకి వచ్చాడు. ఆయనది గట్టి గొంతు, కల్మషం లేని మనసు. గోతంనిండా చీనీకాయలు తెచ్చి మామ ముందు కుమ్మరించాడు.

"తిను మామా, ఈ ఏటి కాపు."

మామ ఒకటి చేతిలోకి తీసుకొని బరువు చూశాడు. "ఏం నీళ్ళు పారిస్తాండారు?"

"ఇంకేం నీళ్ళు మామా? మీ ఊరి కాడనుంచి వచ్చేటివే!" అన్నాడు బావగారు సంతోషంగా.

లోపల అత్త చేతిలోని గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. బావగారికి తాను అన్నదేమిటో అప్పటికి గాని తెలియలేదు. మామ ఆ కాయను వేళ్ళతో ఒలిచాడు. తొక్క ముక్కలు కాకుండా, ఒక్కటిగా వచ్చేట్టు నిదానంగా ఒలిచాడు. తొనలు విడదీసి మాకెవ్వరికీ ఇవ్వలేదు. ఒక్కొక్క తొననే నోట్లో వేసుకొని, మందు మింగినట్టు, గింజలు కూడా ఉమ్మకుండా మింగాడు. చివరి తొన అయిపోయిన తరువాత చేతులు పంచెకు తుడుచుకొని బావగారి వైపు చూశాడు.

"తియ్యగుండాయప్పా. చెట్లను బాగా చూసుకోండి" అన్నాడు.

ఆ సంవత్సరమే ఆయన పోయాడు. కాలం పారుతూ ఉంటుందని అందరూ అంటారు. మా మామ బతుకులో మాత్రం అది ఆ ఊరిని విడిచిన సాయంకాలం దగ్గరే ఆగి, రోజు రోజుకూ లోతు పెరుగుతూ నిలిచిపోయింది.